కొసరు పుస్తకం

అమలాపురం లైబ్రరీలో కొత్తగా చేరిన అమ్మాయి నిన్న ఫోన్ చేసింది. "మేడమ్, మీరు తీసుకెళ్ళిన రెండు పుస్తకాల్లో ఒకటే తిరిగొచ్చిందండి. రెండోదానికి గడువు దాటిపోయింది" అంది. ఆ గొంతులో భయం, మర్యాద, కాస్త విసుగు మూడూ ఉన్నాయి. నాకు ముచ్చటేసింది. లైబ్రేరియన్‌గా నా ఉద్యోగమంతా ఆ మాట ఎంతమందితో అన్నానో చెప్పలేను. నాతో ఒకరు అనడం మాత్రం ఇదే మొదలు.

"ఇస్తానమ్మా, కాస్త పని మిగిలింది" అన్నాను.

"చదవడం అవలేదాండీ?"

"చదవడం ఎప్పుడో అయింది."

పాపం, ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు. అర్థం కావాలనే ఇది రాస్తున్నాను. ఆమెకే కాదు, పుస్తకాల మధ్య ఉద్యోగం దొరికిన మీ అందరికీ. మొన్న వెళ్ళినప్పుడు ఆ అమ్మాయే అడిగింది, కొత్తగా వచ్చిన పుస్తకాల్లో ఎవరికి ఏది చదవమని చెప్పాలో ఎలా తెలుస్తుందండీ అని. నాకూ తెలియదు. తెలియకుండానే రిటైరైపోయాను. కాకపోతే ఒక ఊళ్ళో ఒక ఏడాది జరిగిన సంగతి ఉంది. అది చెబుతాను, అందులో మీకు పనికొచ్చేది ఉంటే ఏరుకోండి.

రెండువేల సంవత్సరం ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో నన్ను రాజోలు దగ్గర ఒక ఊరి శాఖా గ్రంథాలయానికి వేశారు. మాది ముక్తేశ్వరం. ఎటు చూసినా కొబ్బరి తోటలే కాబట్టి ఊరు మారినట్టు అనిపించలేదు. లైబ్రరీ అంటే ఒక పెంకుటిల్లు, ముందు అరుగు, రెండు గదులు. ముందు గదిలో పేపర్ల బల్ల. పొద్దున్నే అక్కడ చోటు దొరికేది కాదు. ఒకే పేపరు నలుగురు నాలుగు ముక్కలుగా పంచుకుని, చదివినదాని మీద పోట్లాడుకుని, ఎండెక్కేసరికి వెళ్ళిపోయేవారు. పుస్తకాలుండే వెనక గదిలోకి మాత్రం ఎవరూ అడుగుపెట్టేవారు కాదు. సాయంత్రాలు మరీ అన్యాయం. ప్రతి ఇంట్లోనూ కేబుల్ టీవీ వచ్చి, నవలలు చదివే ఆడవాళ్ళందరినీ సీరియళ్ళు ఎత్తుకుపోయాయి.

వెనక గది తాళంచెవి మా అటెండరు మొలతాడుకి వేలాడేది. వయసులో పెద్దాయన, నేను బాబాయిగారూ అనేదాన్ని. పుస్తకానికి అట్ట వేయడంలో ఆయనకి సాటి లేదు. అట్ట వేసిన పుస్తకాన్ని ఎవరికైనా ఇవ్వవలసి వస్తే మాత్రం ఆయన ప్రాణం విలవిల్లాడేది. ఆ ఏడు పై ఆఫీసు నుంచి వచ్చిన కొత్త పుస్తకాల కట్టలో అన్ని రకాలూ ఉన్నాయి. నవలలు, కథలు, ఓడల మీద ఉద్యోగం చేసి వచ్చినాయన చెప్పిన కబుర్లు, కొబ్బరి తెగుళ్ళ మీద ఒకటి, గుండె గురించి ఒక డాక్టరు రాసింది, డాబా మీద కూరగాయలు పండించుకోవడం గురించి ఇంకోటి. ఆయన అన్నిటికీ ఒకే గోధుమరంగు అట్ట వేసి, అద్దాల బీరువాలో సర్ది తాళం వేసేశారు.

"ఏ పుస్తకాలొచ్చేయో జనానికి ఎలా తెలుస్తుంది బాబాయిగారూ?" అని అడిగాను.

"అద్దంలోంచి కనపడతాయి కదండీ."

"అన్నిటికీ ఒకటే రంగు అట్ట కదా."

"మాసిపోవండి" అన్నారు, తృప్తిగా.

ఇలా ఉండగా పైనుంచి ఒక కాగితం వచ్చింది. పక్కనే రాజోలులో పెద్ద లైబ్రరీ ఉంది కాబట్టి, పేపర్లు తప్ప పుస్తకాలు కదలని మా శాఖ అవసరమా కాదా అన్నది వేసవిలో ఒక అధికారి వచ్చి చూసి తేలుస్తారట. అక్కర్లేదని తేలితే బీరువాలు రాజోలుకి, నేను ఎక్కడికో అక్కడికి. నాకంటే బదిలీ, ఏదో ఒక కుర్చీ దొరుకుతుంది. బాబాయిగారిది పర్మినెంటు ఉద్యోగం కాదు. లైబ్రరీ పోతే ఆయన అన్నం పోతుంది. ఆ సంగతి చెబితే ఆయన చాలాసేపు బీరువా అద్దాలు తుడుస్తూ ఉండిపోయారు. "మరేం చేద్దామండీ" అన్నారు చివరికి.

ఏం చెయ్యాలో నాకు రాజోలు మార్కెట్టులో తట్టింది. వంకాయలు కొంటున్నాను. కూరగాయలామె తూకం వేసి, నేను అడక్కుండానే గుప్పెడు పచ్చిమిరపకాయలు, రెండు కరివేపాకు రెబ్బలు సంచిలో పడేసింది. ఆ మిరపకాయలు నేను కొనాలనుకోలేదు. కాని ఇంటికొచ్చాక ఆ పూట పచ్చడి చేసింది వాటితోనే. అడిగింది ఇవ్వడం బేరం, అడగనిది వెయ్యడం కొసరు. లైబ్రరీలో మేం ఇన్నాళ్ళూ బేరమే చేశాం, కొసరు పెట్టనే లేదు.

మర్నాటి నుంచి మొదలుపెట్టాను. ఎవరు ఏ పుస్తకం అడిగితే అది ఇచ్చి, దాని మీద అడగని కొత్త పుస్తకం ఒకటి. నవల అడిగినవాళ్ళకి నిజం సంగతుల పుస్తకం, నిజం సంగతులు అడిగినవాళ్ళకి నవల. అంతే సూత్రం. మొదటి గిరాకీ ఒక రైతుగారు. ఆ రోజుల్లో కొబ్బరికి నల్లి తెగులు పట్టి తోటలన్నీ దిగులు మీద ఉండేవి.

"కాయల మీద మచ్చలొచ్చేస్తన్నాయండి, పిందె చిక్కిపోతంది. దానికి సంబంధించి ఏదైనా పుస్తకముంటే ఇప్పించండి" అన్నారు.

తెగుళ్ళ పుస్తకం ఇచ్చి, దాని మీద ఒక నవల పెట్టాను. ఒకే కుట్టుమిషను కోసం గొడవపడి విడిపోయిన అక్కచెల్లెళ్ళ కథ.

"ఇదేంటండి? నేను అడగలేదు కదండీ."

"కొసరండి."

ఆయన ముఖం విప్పారింది. కొసరు వద్దనే మనిషి గోదావరి జిల్లాల్లో పుట్టలేదు. "ఆయ్" అని రెండూ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా వాళ్ళావిడ వచ్చింది. సీరియల్ కంటే ఈ అక్కచెల్లెళ్ళ గొడవే బాగుందట, ఇలాంటి నవల ఇంకోటి కావాలంది. ఇచ్చి, ఓడ కబుర్ల పుస్తకం కొసరు వేశాను. అంతర్వేది తీర్థంలో తప్ప సముద్రం చూడని మనిషి, నా బల్ల ముందు నిలబడి, "నడిసముద్రంలో వంట ఎలా చేస్తారండి" అని నన్ను అడగడం మొదలుపెట్టింది.

మా పేపర్ల బల్ల దగ్గరికి రోజూ వచ్చేవాళ్ళలో ఒక ఘనాపాఠి గారుండేవారు. వేదం చెప్పుకున్న కుటుంబం, పచ్చటి మనిషి, కంచులాంటి గొంతు. ఒకనాడు ఏదో వ్యాఖ్యానం కావాలని వెనక గదిలోకి వచ్చారు. ఇచ్చి, పైన నవల పెట్టాను. బస్సు కండక్టరుగా చేరిన ఒక ఆడపిల్ల కథ.

"కథలూ కాకరకాయలూ నేను చదవనమ్మాయ్."

"చదవకపోతే తలకింద పెట్టుకోండి, దిండుకి సరిపోతుంది" అన్నాను. నా నోటికి అలా తొందరెక్కువ. ఆయన నన్నొకసారి చూసి, పుస్తకాన్ని ఉత్తరీయంలో చుట్టుకుని చరచరా వెళ్ళిపోయారు. కోపం వచ్చిందనే అనుకున్నాను.

అన్నీ కలిసొచ్చాయని చెప్పను. ఉద్యోగ పరీక్షలకి చదువుకునే కుర్రాడికి కవిత్వం కొసరు వేస్తే మర్నాడే తెచ్చి బల్ల మీద పెట్టి, "మేడమ్, నాకిప్పుడు బాధలు వద్దండి" అన్నాడు. గుండె పుస్తకం పట్టుకెళ్ళిన ఒక పెద్దమనిషి అందులో ఉన్న జబ్బులన్నీ తనకే ఉన్నాయని వారం రోజులు మంచం దిగలేదట. వాళ్ళమ్మాయి వచ్చి, "ఈసారి నాన్నగారికి నవ్వొచ్చేవి ఇవ్వండి" అని బతిమాలుకుంది. ఎవరికి ఏది పడుతుందో వేసి చూస్తేనే గాని తెలియదు.

ఇందులో ఒక చిక్కుంది. కార్డుకి ఒకటే పుస్తకం అన్నది నియమం. అందుకని కొసరు పుస్తకాలన్నీ నా పూచీ మీద, నా పేరునే ఇచ్చేదాన్ని. బాబాయిగారికి అది మింగుడుపడలేదు.

"అన్నీ మీ పేరు మీదాండి? అమ్మగారూ, కొసరు ఎక్కువేసిన కొట్టు నిలబడదండి."

"కొసరు వెయ్యని కొట్టుకి ఎవరొస్తారు?"

"ఏమోనండి" అన్నారు గాని, చైత్రమాసం వచ్చేసరికి వెనక గదిలో మనుషుల అలికిడి మొదలైంది. అద్దాల బీరువా నిండుగా ఖాళీ. ఆయన దానిముందు నిలబడి, "ఇల్లు ఖాళీ చేసినట్టుందండి" అనేవారు. నాకు మాత్రం అంత ఖాళీ బీరువాని చూస్తే కడుపు నిండిపోయేది.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. కొన్నాళ్ళకి గమనించిందేమిటంటే, కార్డు మీద ఇచ్చినవి వేళకి వచ్చేస్తున్నాయి, కొసరువి మాత్రం రావడం లేదు. ఆ కుర్రాడి కవిత్వం తప్ప ఒక్కటంటే ఒక్కటి కూడా. అధికారి వచ్చే రోజు దగ్గరపడుతోంది. బీరువా తెరిచి ఈ కొత్త పుస్తకాలేవి అంటే నేను ఏం చెప్పను? పుస్తకాలు కదిలాయని చూపించబోయి, పోగొట్టానని చూపించినట్టవుతుంది. బాబాయిగారిని ఇంటింటికీ పంపాను. సాయంత్రానికి చెమటలు కక్కుకుంటూ ఉత్తచేతులతో తిరిగొచ్చారు.

"ఏమంటున్నారు?"

"ఆయ్ అంటన్నారండి."

"ఇచ్చారా మరి?"

"లేదండి. కాఫీలిచ్చేరు."

నాకు ఒళ్ళు మండింది. పెట్టినది మింగడమే గాని తిరిగి ఇవ్వడం తెలియని జనం అనుకున్నాను, పైకి కూడా అన్నాను. ఆ ఎండలోనే గొడుగేసుకుని తిన్నగా రైతుగారింటికి వెళ్ళాను. ఆయన తోటలో ఉన్నారు. ఆవిడ దొడ్లో ఉంది. నన్ను చూసి కుర్చీ వేసి, బొండాం కొట్టించి చేతికిచ్చింది. కొట్లాటకి వచ్చినవాళ్ళ చేతికి బొండాం ఇస్తే సగం కోపం అక్కడే పోతుంది. మిగతా సగంతో అడిగాను.

"ఓడ పుస్తకం ఇంకా చదవడం అవలేదా అండీ?"

"అయ్యో, చదవడం ఎప్పుడో అయిపోయిందండి. పనసకాయే ఇంకా పండలేదు."

నేను బొండాం కింద పెట్టేశాను. ఆవిడ నన్ను చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, మానుకి వేలాడుతున్న కాయని తట్టి చూపించింది. "ఇంకో వారం పడతదండి. కూరకైతే ఇప్పుడే ఇవ్వొచ్చు, కానండి మీకు తొనలు ఇవ్వాలని ఉంచేం."

"పుస్తకానికీ పనసకాయకీ ఏం సంబంధమండీ?"

నా అమాయకత్వానికి ఆవిడే చిన్నబుచ్చుకుంది. "కార్డు మీద ఇచ్చింది గవర్నమెంటుదండి. అది ఇవ్వమన్నప్పుడు ఇచ్చేస్తాం. ఇది మీరు అభిమానంగా, అడక్కుండా పెట్టేరు. గిన్నెడు పులుసు పంపితేనే ఉత్త గిన్నె తిరిగి పంపం కదండీ. పుస్తకం ఉత్తినే ఎలా ఇచ్చేస్తామండి, బావుంటుందా?"

ఊరంతా అదే వరస. ఒకరింట్లో అరటిగెల పక్వానికి రావాలి. ఒకరు రొయ్యల చెరువు పట్టుబడికి ఆగారు. ఒకావిడకి కొబ్బరిలౌజు చేసే తీరిక దొరకలేదు. గిన్నెల విషయంలో నేను పుట్టినప్పటినుంచీ పాటిస్తున్న మర్యాదే అది. పక్కింటి గిన్నెలో కనీసం చిటికెడు పంచదారైనా వెయ్యకుండా మా అమ్మ ఎప్పుడూ పంపలేదు. పుస్తకాన్ని గిన్నెగా నేనే ఇచ్చి, గిన్నె మర్యాద వాళ్ళు పాటిస్తే వాళ్ళని తిట్టుకున్నాను. అక్కడే ఆ దొడ్లో కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఆవిడ కూడా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా.

నవ్వు ఆపుకుని గట్టిగా చెప్పాను. నేను ప్రభుత్వ ఉద్యోగిని, పుస్తకాలు ఇచ్చినందుకు ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోకూడదు, ఇలా తెస్తే నా ఉద్యోగానికే ముప్పు. వచ్చే గురువారం అధికారి వస్తున్నారు, ఆ వేళకి పుస్తకాలు బీరువాలో ఉండకపోతే లైబ్రరీ ఎత్తేస్తారు, ఈ మాట అందరికీ చెప్పండి, పుస్తకాలు మాత్రమే తెమ్మనండి. ఆవిడ శ్రద్ధగా విని, "ఆయ్" అంది. మా ప్రాంతంలో ఆయ్ అంటే మీరు చెప్పింది చెవిన పడిందని అర్థం. అలాగే చేస్తామని కాదు. అక్కడే పుట్టి పెరిగి కూడా ఆ సంగతి నేను మర్చిపోయాను.

గురువారం వచ్చింది. పొద్దుటంతా ఒక్క పుస్తకమూ రాలేదు. మధ్యాహ్నం కాకినాడ నుంచి అధికారి దిగారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. ఎక్కువ మాట్లాడరు, ఎక్కువ నమ్మరు అని ఆయన గురించి చెప్పుకునేవారు. తిన్నగా వెనక గదిలోకి వెళ్ళి అద్దాల బీరువా ముందు ఆగారు.

"కొత్త పుస్తకాలేవండీ?"

"చదివేవాళ్ళ దగ్గరున్నాయండి."

"ఎవరి పేరు మీద?"

"నా పేరు మీద."

ఆయన కళ్ళజోడు తీశారు. "అన్నీనా?"

"అన్నీనండి."

ఇంక మాటలు అక్కర్లేదన్నట్టు ఆయన కుర్చీలో కూర్చుని కలం మూత తీశారు. గుమ్మం దగ్గర బాబాయిగారు తువ్వాలుని నలిపేస్తూ నిలబడ్డారు. ఆయన ముఖం వైపు నేను చూడలేకపోయాను. నా కొసరు తెలివి ఈ పెద్దాయన పొట్ట మీదకి వచ్చిందే అని ఏడుపొచ్చింది.

అప్పుడు వచ్చారు. ముందు రైతుగారు, భుజం మీద పనసకాయ, దాని పైన పుస్తకం. వెనక వాళ్ళావిడ. అధికారి కాగితాల పక్కనే ఆ పనసకాయని దించారు. బల్ల కిర్రుమంది. ఆ వెనక అరటిగెల, ఆ వెనక లౌజు డబ్బా, ఎవరో ఆకుబుట్టల్లో ఇడ్లీపిండి పోసి వండిన వేడి పొట్టిక్కలు, ప్రతిదాని మీదా గోధుమరంగు అట్ట వేసిన ఒక పుస్తకం. రొయ్యల బుట్ట వచ్చేసరికి బాబాయిగారు దాన్ని చూసీ చూడనట్టు పాత పేపర్ల దొంతర వెనక్కి తోశారు.

"ఇది లైబ్రరీయా, సంతా?" అన్నారు అధికారి. తర్వాత గొంతు తగ్గించి, "పుస్తకం ఇవ్వాలంటే ఇక్కడ ఏం పుచ్చుకుంటారో కళ్ళకి కనపడుతూనే ఉంది" అన్నారు.

నా నోటికి ఎంత తొందరున్నా ఆ వేళ నాకంటే ముందు మాట్లాడింది రైతుగారు.

"పుచ్చుకోడం కాదండి. ఆవిడ ఇచ్చింది మేం తిరిగిస్తన్నామండి."

"ప్రభుత్వ ఉద్యోగికి ఇలాంటివి ఇవ్వకూడదని తెలీదా మీకు?"

"తెలుసండి, ఆవిడ మరీ మరీ చెప్పేరు. ఇది ఆవిడకి కాదండి, పుస్తకానికి."

అధికారి చేతికందిన పుస్తకం తీసి, "చదివారా? ఏముంది ఇందులో?" అన్నారు. నమ్మకుండా అడిగినట్టే ఉంది. అది అక్కచెల్లెళ్ళ నవల. రైతుగారు కథ చెప్పబోయి మధ్యలో అక్క మీద కోపం తెచ్చుకున్నారు. "మిషను పెద్దదానికే ఇవ్వాలని ఎక్కడుందండి? చిన్నది మొగుడు లేని మనిషి."

"అక్క కష్టపడి కొనుక్కుందండి" అంది వాళ్ళావిడ వెనకనుంచి.

"కొనుక్కుంటే మాత్రం?"

ఆ ఇద్దరూ అధికారిని మర్చిపోయారు. లౌజు డబ్బా తెచ్చినావిడ చెల్లెలి పక్షం వహించింది. అరటిగెల ఆయన నవల తాను చదవలేదని, ముగింపు చెప్పొద్దని చేతులు జోడించాడు. నాకు తిరిగి ఇవ్వవలసిన పుస్తకాలన్నీ వాళ్ళలో వాళ్ళే చేతులు మార్చుకున్నారని, ఓడ పుస్తకం నాలుగిళ్ళు తిరిగిందని అప్పుడే తెలిసింది. అధికారి కలం చేత్తో పట్టుకుని ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూస్తున్నారు గాని, ఏమీ రాయడం లేదు.

ఆ సందడిలో ఘనాపాఠి గారు భార్యని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి తీసుకొచ్చారు. ఆవిడకి చూపు బాగా మందగించింది. అందరూ జరిగి బెంచీ మీద చోటిచ్చారు. ఆయన చేతిలో కండక్టరు నవల తప్ప ఏమీ లేదు.

"మా ఇంట్లో ఆవిడకి కళ్ళు ఆనవమ్మాయ్" అన్నారు నాతో. "మధ్యాహ్నాలు పొద్దుపోక నన్ను చదివి వినిపించమంది. ఈ కండక్టరు పిల్ల ఆవిడకి తెగ నచ్చేసింది. ఇప్పటికి మూడుసార్లయింది. పుస్తకం తిరిగివ్వాలంటే నాకు తోటా లేదు దొడ్డీ లేదు, ఏమివ్వను? గొంతొక్కటే ఉంది. చిన్నప్పుడు గురువుగారి దగ్గర పాఠం చెప్పుకుని తిరిగి అప్పగించేవాళ్ళం. ఇదీ అలాగే అప్పగించి పోతాను."

అధికారిని అడగనైనా అడగలేదు. పుస్తకం తెరిచి మొదలుపెట్టారు.

ఆ గొంతు గురించి ఎలా చెప్పను? ఏళ్ళ తరబడి ఒక్క అక్షరం జారకుండా, ఒక్క స్వరం తప్పకుండా వల్లించిన గొంతది. అందులోంచి, "ముందుకి జరగండి, ముందుకి జరగండి, టికెట్, టికెట్" అని వచ్చేసరికి మొదట ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆ ఆడపిల్ల మొదటి రోజు ఉద్యోగం, కిక్కిరిసిన బస్సు, బుట్టలో కోడిపెట్టకి టికెట్టు తీసుకోనని ఒక ముసలమ్మ పేచీ. ఆయన ముసలమ్మ మాట ముసలమ్మలాగా, డ్రైవరు కసురు డ్రైవరులాగా చదువుతున్నారు. రెండోసారి ముందుకి జరగండి అన్నప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు నిజంగానే ఒక అడుగు ముందుకి జరిగారు. బెంచీ మీద ఆవిడ తనకి తెలిసిన చోటల్లా పెదవులు కదుపుతోంది. వీధిలో వెళ్ళేవాళ్ళు కిటికీల దగ్గర ఆగారు. వెనక గదిలో అంతమంది మనుషులని నేను అంతకుముందు చూడలేదు.

కథలో చీకటి పడే వేళకి ఆఖరి బస్సు ఎక్కడో ఆగింది, ఆ అమ్మాయి కిందకి దిగి చూసింది. అక్కడ ఆయన పుస్తకం మూసేశారు.

"ఇవాళ్టికి ఇంతవరకు."

"తర్వాతేమైంది?" అని అడిగారు అధికారి.

"వచ్చే గురువారం."

"నేను కాకినాడలో ఉంటానండి."

"అయితే కాస్త కష్టమే నాయనా" అన్నారు ఘనాపాఠి గారు సానుభూతిగా.

బాబాయిగారు గొంతు సవరించుకుని, "కాకినాడ బస్సు ఇందాకే వెళ్ళిపోయిందండి" అన్నారు. తర్వాతిది రావడానికి చాలా టైముంది. ఈలోగా పనసకాయ అరుగు మీదకి చేరింది. చేతులకి నూనె రాసుకుని రైతుగారు దాన్ని చీల్చారు. నేను ముట్టుకోలేదు. అధికారి వద్దన్నారు. కాని చూపు ఆనని ఆ పెద్దావిడ ఆయన గొంతు వినిపించిన వైపు చెయ్యి చాపి, "తీసుకో నాయనా" అని రెండు తొనలు పట్టుకుంటే, ఆయనకి వద్దనడం చేతకాలేదు. రొయ్యలు ఎటు వెళ్ళాయో నేను చూడలేదు, అడగలేదు.

వెళ్ళేముందు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, బస్సులో చదువుకోడానికి ఒక నవల ఇమ్మన్నారు. ఇచ్చాను. అప్పుడు ఒక వింత జరిగింది. పుస్తకం బయటికెళ్తే ప్రాణం పోయే మా బాబాయిగారు, తిరిగొచ్చిన కుప్పలో వెతికి ఒక పుస్తకం తీసి, తువ్వాలుతో తుడిచి, నవల పైన పెట్టారు. డాబా మీద కూరగాయల పుస్తకం.

"ఇదేంటి?" అన్నారు అధికారి.

"కొసరండి."

ఆయన వెళ్ళాక, అదే ఎందుకిచ్చారని అడిగాను. "అంత చిరాకు మనిషికి మొక్కలు మంచివండి" అన్నారు బాబాయిగారు. నా ఉద్యోగంలో నేను విన్న సిఫారసుల్లో దానిని మించింది లేదు.

శాఖ కొనసాగుతుందని ఉత్తర్వు వచ్చింది. కొసరు పద్ధతి మీద ఒక్క మాటా లేదు, కార్డుకి రెండు పుస్తకాలు ఇవ్వవచ్చని మాత్రం ఉంది. ఆ కాగితం చదివి వినిపిస్తే బాబాయిగారు మళ్ళీ బీరువా అద్దాలు తుడవడానికి వెళ్ళారు. ఈసారి చాలాసేపు అటు తిరిగే ఉన్నారు. ఆ బీరువాకి ఆ తర్వాత ఎప్పుడూ తాళం పడలేదు. గురువారం చదువులు ఘనాపాఠి గారి ఓపిక ఉన్నన్నాళ్ళూ సాగాయి. మరుసటి ఏడు ఏ కొత్త పుస్తకాలు కావాలో మమ్మల్నే రాయమన్నారు. ఒక గురువారం అందరినీ అడిగాను. రైతుగారి భార్యకి మంచుకొండలు ఎక్కినవాళ్ళ సంగతులు కావాలి. ఘనాపాఠి గారికి డ్రైవరు వైపు కథ ఎవరైనా రాస్తే కావాలి. రైతుగారు మాత్రం, "ఏదైనా పర్లేదండి, మళ్ళీ అక్కచెల్లెళ్ళది వద్దు, నిద్ర పట్టదు" అన్నారు.

అధికారి తీసుకెళ్ళిన నవల వెంటనే వచ్చేసింది. కొసరు పుస్తకం రాలేదు. వానాకాలం వెళ్ళింది, చలి మొదలైంది. అప్పుడు కాకినాడ నుంచి వచ్చిన ఉద్యోగి ఎవరో ఒక పొట్లం తెచ్చి ఇచ్చారు. విప్పితే గోధుమరంగు అట్ట పుస్తకం, లోపల మడిచిన కాగితంలో వంగవిత్తనాలు. తన డాబా మీద కాసిన కాయల నుంచి తీసినవని చెప్పమన్నారట.

"గడువు దాటిందండి" అన్నారు బాబాయిగారు, చాలా సీరియస్‌గా. ఆ తర్వాత విత్తనాలు అరచేతిలో పోసుకుని దొడ్లోకి పరిగెత్తినంత పని చేశారు.

ఇదీ జరిగింది. ఇంక ఆ అమలాపురం అమ్మాయికి ఒక మాట. ఆ రోజు నేను నీ దగ్గర అడిగింది ఒక్క నవలే. నువ్వు లోపలికి వెళ్ళి, చదరంగం నేర్పే పుస్తకం ఒకటి తెచ్చి, "ఊరికే, ఇది కూడా చూడండి మేడమ్" అని పైన పెట్టావు. నీకు అది ఎవరూ నేర్పలేదు. నీ ముందు నేను మామూలుగానే సంచి సర్దుకున్నాను గాని, బస్సులో కూర్చున్నాక ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అమలాపురం దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. ఈ వయసులో నాకు చదరంగం ఏమిటి అనుకున్నాను. ఇప్పుడు సాయంత్రాలు పక్కింటి పంతులుగారు నాతో ఆడి ఓడిపోతున్నారు.

చదవడం ఎప్పుడో అయింది, నిజమే. నాకిప్పుడు దొడ్డి లేదు, పనసచెట్టు లేదు, చదివి వినిపించే గొంతూ లేదు. ఏమివ్వాలా అని నెల్లాళ్ళు ఆలోచించి, చివరికి ఈ కాగితాలు రాశాను. రేపు పుస్తకంలో పెట్టి తెస్తాను. గడువు దాటినందుకు నీ రూలు ప్రకారం ఏం వెయ్యాలో వెయ్యి, కడతాను. ఉత్త పుస్తకం మాత్రం ఎలా తిరిగివ్వను తల్లీ.